చేపల తొట్టెలో యూవీ దీపం: నీరు ఎంత నెమ్మదిగా వెళ్ళాలి?

మా హాలులోని చేపల తొట్టె నాలుగు అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉంటుంది. లెక్క ప్రకారం అందులో 255 లీటర్లు పట్టాలి కానీ, అడుగున పరిచిన ఇసుకను, రాళ్ళను, పైన వదిలిన ఖాళీని తీసివేస్తే నిలిచే నీరు సుమారు 220 లీటర్లు. ఆరేళ్ళ క్రితం హైదరాబాదులో ఈ ఇంటికి మారినప్పుడు దానిని తూర్పు బాల్కనీ తలుపుకు ఎదురుగా పెట్టాము. ఉదయపు ఎండ గంటన్నర సేపు నేరుగా అద్దం మీద పడేది. గోల్డ్ ఫిష్‌లు ఆ వెలుగులో మెరుస్తుంటే ఇంటిల్లిపాదీ కాఫీ తాగుతూ చూసేవాళ్ళం. మార్చి రెండో వారానికి నీరు లేత ఆకుపచ్చకు తిరిగింది. నెలాఖరుకు అద్దానికి ఆనుకుని వచ్చిన చేప తప్ప మరేదీ కనిపించని స్థితి వచ్చింది.

సగం నీరు తీసి కొత్త నీరు పోసేవాడిని, మూడో రోజుకు మళ్ళీ అదే రంగు. కారణం తరువాత అర్థమైంది. నీటిని పచ్చగా చేసేది అద్దానికి అంటుకునే నాచు కాదు, నీటిలో విడివిడిగా తేలే ఏకకణ శైవలాలు. వెలుతురు, నైట్రేటు, ఫాస్ఫేటు సమృద్ధిగా ఉంటే అవి ఒకటి రెండు రోజుల్లో రెట్టింపు కాగలవు. సగం తీసివేస్తే మిగిలిన సగం ఆ లోటును అంత తొందరగానూ పూడ్చుకుంటుంది. పైగా నేను పోసే బోరు నీటిలోనే నైట్రేటు ఎక్కువగా ఉందని పరీక్ష కిట్టుతో చూసినప్పుడు తేలింది. అంటే నీరు మార్చిన ప్రతిసారీ వాటికి ఎరువు వేస్తున్నట్టే.

ఆ రోజుల్లోనే కైకలూరు వైపు చేపల చెరువులు సాగు చేసే మా మావయ్య వచ్చాడు. తొట్టె చూసి, "నీళ్ళకి ఇంత రంగొస్తే బాధపడతావేంట్రా? దీని కోసమే కదా మేము పేడా, సూపరూ వేసి కనిపెట్టుకుని ఉండేది" అన్నాడు. ఆయన మాటలో నిజం ఉంది. బొచ్చె, రోహు పెంచే చెరువులో ఆ పచ్చదనమే సహజమైన మేతకు మొదలు, అందుకే రైతులు సూపర్ ఫాస్ఫేటు వేసి మరీ దానిని తెప్పిస్తారు. ఆ రంగు చేపకు విషం కాదు. అయితే శైవలాలు పగలు ప్రాణవాయువును విడుదల చేసినా రాత్రి తామే పీల్చుకుంటాయి కనుక, రంగు మరీ చిక్కబడిన చెరువుల్లో తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయని, అప్పుడు ఏరేటర్లు వేయక తప్పదని కూడా చెప్పింది ఆయనే. వేసవిలో నీరు 30 డిగ్రీలు దాటే మా హాలులో, 220 లీటర్ల తొట్టెలో అదే జరిగితే తట్టుకునే వెసులుబాటు చెరువులో ఉన్నంత ఉండదు. అదీగాక, చేపలు కనిపించని తొట్టెలో చేపకు జబ్బు చేసినా మనకు తెలియదు. అందుకే అతినీలలోహిత (యూవీ) కిరణాలతో నీటిలోని సూక్ష్మజీవులను నిర్వీర్యం చేసే యూవీ స్టెరిలైజర్ కొన్నాను.

పరికరం నిర్మాణం సులువుగానే ఉంటుంది. నల్లని ప్లాస్టిక్ గొట్టం లోపల ఒక క్వార్ట్జ్ గొట్టం, దాని లోపల ఒక పాదరసపు దీపం ఉంటాయి. పంపు తోసిన నీరు క్వార్ట్జ్ గొట్టం చుట్టూ ప్రవహించి తొట్టెలోకి తిరిగి వస్తుంది. ఆ దీపం ప్రధానంగా 254 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న అతినీలలోహిత కిరణాలను ఇస్తుంది. ఈ కిరణాలను జీవకణంలోని డీఎన్ఏ బాగా గ్రహిస్తుంది. గ్రహించినప్పుడు దానిలో పక్కపక్కనే ఉన్న థైమిన్ అణువులు ఒకదానితో ఒకటి అతుక్కుపోతాయి, ఆ అతుకులు ఎక్కువైన కణం ఇక తన నకలు తీసుకోలేదు. మామూలు గాజు ఈ కిరణాలను ఆపేస్తుంది కనుకనే ఖరీదైన క్వార్ట్జ్ వాడతారు. సూర్యకాంతికి బ్యాక్టీరియాను చంపే గుణం ఉందని ఇంగ్లండులో డౌన్స్, బ్లంట్ అనే ఇద్దరు 1877లో చూపించారు, ఫ్రాన్సులోని మార్సే నగరంలో 1910లోనే తాగునీటికి ఈ కిరణాలను వాడి చూశారు.

మన వంటింటి మంచినీళ్ళ ఫిల్టర్‌లో ఉండేదీ ఇలాంటి దీపమే. కానీ వంటింట్లో నీరు దీపం పక్క నుంచి ఒక్కసారి వెళ్ళి గ్లాసులోకి వస్తుంది. శుద్ధి అయిన నీరు, కాని నీరు మళ్ళీ కలవవు. తొట్టెలో అలా కాదు, శుద్ధి అయిన ప్రతి చుక్కా వెళ్ళి శుద్ధి కాని నీటిలోనే కలుస్తుంది. యూవీ విషయంలో నేను చూసిన అపోహలన్నీ, నావి కూడా, ఈ ఒక్క తేడాను పట్టించుకోకపోవడం వల్ల వచ్చినవే. నా పంపు గంటకు 300 లీటర్లు తోస్తుంది కనుక 220 లీటర్లు 44 నిమిషాల్లో పరికరం గుండా వెళ్ళిపోతాయని నేను మొదట్లో అనుకున్నాను. నీరు బాగా కలిసిపోయే తొట్టెలో, 220 లీటర్ల ప్రవాహం పూర్తయ్యే సరికి కొంత నీరు రెండు మూడు సార్లు వెళ్ళి ఉంటుంది, దాదాపు 37 శాతం ఒక్కసారి కూడా వెళ్ళి ఉండదు. మూడు చుట్లకు ఇంకా 5 శాతం, అయిదు చుట్లకు ఒక శాతం లోపు మిగులుతుంది. శైవలాల విషయంలో దీనివల్ల ఇబ్బంది లేదు. అవి రోజుకు ఒకసారి రెట్టింపు అయినా, నా పంపు రోజుకు 32 సార్లకు పైగా నీటిని తిప్పుతుంది కనుక గెలుపు దీపానిదే. బిగించిన మూడో రోజు నీరు పాలిపోయింది, అయిదో రోజు సాయంత్రం వెనక అద్దం కనిపించింది, వారం తిరిగేసరికి చేప వేసిన నీడ కూడా ఇసుక మీద స్పష్టంగా పడింది. ఆ సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

ఇక్కడ ప్రవాహం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొనేవారు అందరూ వాట్లు అడుగుతారు కానీ ప్రవాహం అడిగేవారు తక్కువ. ఒక కణం మీద పడే మోతాదు అంటే కిరణాల తీవ్రతను, ఆ కణం దీపం ముందు గడిపిన కాలంతో గుణిస్తే వచ్చేది. అదే దీపానికి ప్రవాహం రెట్టింపు చేస్తే మోతాదు సగమవుతుంది. దీనిని చదరపు సెంటీమీటరుకు మిల్లీజూల్స్‌లో కొలుస్తారు. ఇ.కోలి వంటి బ్యాక్టీరియాలో నూటికి తొంభై తొమ్మిదికి పైగా నిర్వీర్యం కావడానికి 10 మిల్లీజూల్స్ లోపే సరిపోతుంది. తాగునీటి పరికరాలకు 40 అనేది పేరున్న ప్రమాణం. చేపల తెల్లమచ్చల జబ్బును కలిగించే పరాన్నజీవికి మాత్రం 100 దరిదాపుల్లో కావాలి. అంటే, పచ్చ నీటిని చక్కగా తేటపరిచే వేగంలో పరాన్నజీవి క్షేమంగా దాటిపోవచ్చు. పెట్టె మీద "ఇన్ని లీటర్ల తొట్టెకు" అని రాసిన అంకె కన్నా, ఏ పనికి గంటకు ఎన్ని లీటర్లు పంపాలో తయారీదారు విడివిడిగా ఇచ్చిన పట్టిక ముఖ్యం. అలాంటి పట్టిక లేని పరికరాన్ని నేను కొనను.

పంపు మీద రాసిన అంకెను కూడా నమ్మనక్కర లేదు. అది ఎత్తు, వంపులు, ఫిల్టర్ అడ్డు ఏవీ లేనప్పటి లెక్క. పది లీటర్ల బకెట్టును నీరు తిరిగి పడే గొట్టం కింద పట్టి, నిండడానికి ఎంత సేపు పట్టిందో గడియారంలో చూసుకుంటే చాలు. సరిగ్గా రెండు నిమిషాలు పడితే గంటకు 300 లీటర్లు. గంటకు 1000 లీటర్లని రాసి ఉన్న నా పాత పంపు ఈ బకెట్టు పరీక్షలో 600 కూడా దాటలేదు. ఫిల్టర్ దూది మురికి పట్టే కొద్దీ ఈ వేగం ఇంకా తగ్గుతుంది కనుక నేను నెలకొకసారి కొలుస్తాను.

నీరు ముందు ఫిల్టర్ గుండా వెళ్ళి తరువాత దీపం దగ్గరికి రావాలి. మురికి రేణువు వెనక దాగిన కణానికి కిరణం తగలదు. మన కోస్తా తీరంలో వెనామీ రొయ్యల హేచరీల వారు సముద్రపు నీటిని ఇసుక ఫిల్టర్లలోనూ, సన్నని కార్ట్రిడ్జిల్లోనూ వడకట్టిన తరువాతే యూవీ కిందికి పంపేది ఇందుకే. రేణువులే కాదు, నీటి రంగు కూడా కిరణాన్ని మింగుతుంది. ఫైటర్ చేపల కోసం బాదం ఆకులు వేసేవారు, కొత్త చెక్క దుంగలు పెట్టినవారు, ఆ తేనె రంగు నీటిలో దీపం శక్తి బాగా తగ్గుతుందని గుర్తుంచుకోవాలి.

రెండో ఏడాది నాకు జరిగిన నష్టం గురించి రాయడం కష్టంగానే ఉంది. ఒక దుకాణం నుంచి ఒరాండా అనే రకం గోల్డ్ ఫిష్‌లను రెండింటిని తెచ్చి, విడిగా ఉంచకుండా, యూవీ వెలుగుతోంది కదా అన్న ధైర్యంతో నేరుగా పెద్ద తొట్టెలో వదిలాను. అయిదో రోజున వాటి రెక్కల మీద ఉప్పు రవ్వల్లాంటి తెల్ల చుక్కలు కనిపించాయి. దీపం చూసుకుంటుందని మరో వారం ఎదురుచూశాను. ఆ వారంలో మొదటి నుంచీ మాతో ఉన్న మూడు చేపలు పోయాయి. ఆ వారం రోజులు నేను వృథా చేయకపోతే అవి బతికేవని ఇప్పటికీ నమ్ముతాను.

ఇది రొయ్యల రైతులు వైట్ స్పాట్ అని పిలిచే జబ్బు కాదు. అది వైరస్ వల్ల వస్తుంది. చేపలకు వచ్చే ఈ తెల్లమచ్చల జబ్బుకు ఇక్తియోఫ్తీరియస్ అనే ఏకకణ పరాన్నజీవి కారణం. మనకు కనిపించే చుక్క అంటే చేప చర్మం పొర కింద కూర్చుని మేస్తున్న పరాన్నజీవి. అక్కడికి ఏ కిరణమూ చేరదు. కొన్ని రోజులు మేసిన తరువాత అది రాలి ఇసుకలోకి దిగి, చుట్టూ ఒక గుల్ల కట్టుకుని, వందల పిల్లలుగా విడిపోతుంది. ఇసుకలో ఉన్నంత సేపు అది కూడా పంపు నోటికి అందదు. గుల్ల పగిలి ఈదుతూ చేపను వెతుక్కునే ఆ కొద్ది సమయంలో మాత్రమే, అది కూడా గొట్టంలోకి కొట్టుకువచ్చినప్పుడు మాత్రమే, దీపానికి చిక్కుతుంది. అడుగున చేప నిద్రపోయే చోటే గుల్ల పగిలితే, పిల్ల పరాన్నజీవికి చేప కొన్ని అంగుళాల దూరంలో ఉంటుంది, దీపం మూడు అడుగుల గొట్టం అవతల ఉంటుంది. కనుక సరైన మోతాదు ఇచ్చే యూవీ జబ్బు ఉధృతిని తగ్గించగలదు కానీ, ఒకే తొట్టెలో దానిని నయం చేస్తుందని ఆశించకూడదు. పదుల తొట్టెలు ఒకే ఫిల్టర్‌తో నడిచే దుకాణాలలో మాత్రం దీని విలువ వేరు: ఒక తొట్టె నీరు మరో తొట్టెలోకి చేరే ముందు తప్పనిసరిగా దీపం దాటి వెళ్ళాలి కాబట్టి, అక్కడ అది జబ్బును నిజంగానే ఒక తొట్టె నుంచి మరో తొట్టెకు పాకకుండా అడ్డుకోగలదు. మిగిలిన చేపలను నేను దక్కించుకున్నది లీటరుకు 2 గ్రాముల ఉప్పుతోనూ, రోజు విడిచి రోజు ఇసుకను సైఫనుతో శుభ్రం చేయడంతోనూ, గాలి పంపును పెంచడంతోనూ. ఇప్పుడు కొత్త చేప ఏది వచ్చినా మూడు వారాలు 40 లీటర్ల చిన్న తొట్టెలో విడిగా ఉంటుంది.

మందు వేసే ముందు యూవీని ఆపాలి. మలకైట్ గ్రీన్, మిథిలీన్ బ్లూ వంటి రంగు మందులు కిరణాలకు విచ్ఛిన్నమవుతాయి, లేదా కిరణాలను అడ్డుకుంటాయి. మొక్కల తొట్టెల వారు వేసే ద్రవ ఎరువులోని ఇనుము సంగతీ అంతే. దానిని నీటిలో కరిగి ఉండేలా పట్టి ఉంచే ఈడీటీఏ బంధం యూవీకి విడిపోతే ఇనుము తుప్పుగా మారి మొక్కకు అందకుండా పోతుంది. నీటి మార్పిడి రోజున కుళాయి నీటిలోని క్లోరిన్‌ను యూవీ తీసేస్తుందని కొందరు అనుకుంటారు కానీ, ఇంటి పరికరాలకు ఆ శక్తి చాలదు, విరుగుడు ద్రావణం వేయాల్సిందే. ఫిల్టర్‌లోని మంచి బ్యాక్టీరియా చచ్చిపోతుందన్న భయానికి మాత్రం ఆధారం లేదు. అమ్మోనియాను నైట్రైటుగానూ, నైట్రైటును నైట్రేటుగానూ మార్చే ఆ సూక్ష్మజీవులు స్పాంజికి, రాళ్ళకు, ఇసుకకు అంటుకుని బతుకుతాయి తప్ప నీటిలో తేలుతూ తిరిగేవి బహు తక్కువ. పిల్లలను పొదిగించే తొట్టెలో మాత్రం నేను యూవీ పెట్టను, అక్కడ పచ్చ నీరే పసి చేపలకు తొలి తిండి.

నీరు తేటపడినంత మాత్రాన శైవలాలు తిన్న నైట్రేటు, ఫాస్ఫేటు మాయం కావు. చచ్చిన కణాలు కుళ్ళి తిరిగి వాటినే నీటిలోకి వదులుతాయి. అందుకే తేటపడే వారంలో నేను దూదిని రెండు రోజులకొకసారి కడిగాను, నీరు మార్చాను. అయినా నెల తిరగకముందే రాళ్ళ మీద పీచు నాచు మొదలైంది. తేలే శైవలాలతో పోటీ పోయింది కనుక అంటుకునే నాచుకు తిండి మిగిలింది, దాని మీద యూవీకి ఏ అధికారమూ లేదు. చివరికి సమస్యను తీర్చింది బాల్కనీ తలుపుకు వేసిన మందపాటి పరదా, సగానికి తగ్గించిన మేత. యూవీ చేసిన మేలు, ఆ మార్పులు ఫలించే వరకు చేపలను తేట నీటిలో ఉంచడం. అది చిన్న మేలు కాదు.

మూడో వేసవిలో నీరు మళ్ళీ పచ్చబడింది. దీపం నీలంగా వెలుగుతూనే ఉంది. ఆ నీలి వెలుగు పాదరసం ఇచ్చే కంటికి కనిపించే కాంతి మాత్రమే, పని చేసే కిరణం కంటికి కనిపించదు. ఈ దీపాలు సాధారణంగా 8000 గంటల ప్రాంతంలో శక్తి కోల్పోతాయి. రోజంతా వెలిగితే అది పదకొండు నెలల మాట. నా దీపం వయసు అప్పటికి పద్నాలుగు నెలలు. దీపం విప్పి చూస్తే రెండో కారణం కూడా కనిపించింది: క్వార్ట్జ్ గొట్టం మీద, మన బోరు నీళ్ళకు గీజరు కాయిల్ మీద పేరుకునే తెల్ల పొరే పేరుకుని ఉంది. గట్టి నీరు ఉన్న ఊళ్ళలో ఇది రెండు మూడు నెలలకే వస్తుంది. నిమ్మ ఉప్పు కలిపిన నీటిలో గంట సేపు నానబెట్టి, మెత్తని గుడ్డతో తుడిస్తే పోతుంది. పీచుతో రుద్దితే గీతలు పడతాయి. చవకగా దొరికే "యూవీ ఎల్ఈడీ"లలో చాలావరకు 395 నానోమీటర్ల ప్రాంతపు ఊదా కాంతిని ఇచ్చేవే, వాటికి ఈ పని చేసే శక్తి లేదు. పెట్టె మీద యూవీ-సీ (సూక్ష్మజీవులను చంపే పొట్టి తరంగాల యూవీ) అని, 254 నానోమీటర్లని, లేదా నిజమైన యూవీ-సీ ఎల్ఈడీ అయితే 265 నుంచి 280 మధ్య అంకె ఉందో లేదో చూసుకోవాలి.

వేడి సంగతి మన ప్రాంతాల వారు తేలిగ్గా తీసుకోకూడదు. 11 వాట్ల దీపం నెలకు సుమారు 8 యూనిట్ల కరెంటు తీసుకుంటుంది, అదంతా దాదాపుగా వేడిగా మారి నీటిలోకే వెళుతుంది. 220 లీటర్లకు అది పెద్ద లెక్క కాదు కానీ, 30 లీటర్ల తొట్టెలో మే నెలలో ఆ వేడి చేపకు భారమే. కరెంటు పోయి వచ్చినప్పుడు మరో ప్రమాదం ఉంది: పంపులో గాలి చిక్కుకుని తిరగకపోతే, కదలని నీటి మధ్య దీపం ఒక్కటే వెలుగుతూ గొట్టాన్ని వేడెక్కిస్తుంది. అందుకే కరెంటు వచ్చిన వెంటనే నీరు పడుతోందో లేదో చూడటం మా ఇంట్లో అందరికీ అలవాటయింది.

వెలుగుతున్న దీపాన్ని నేరుగా ఎవరూ, క్షణమైనా చూడకూడదు. వెల్డింగ్ మంట చూసినవారికి ఆ రాత్రి కళ్ళలో ఇసుక పోసినట్టు ఎలా మండుతుందో, ఇదీ అంతే, చర్మానికీ హాని చేస్తుంది. తొట్టె లోపల మునిగి ఉండే కొన్ని రకాలలో దీపానికి సరైన కప్పు ఉండదు. తొట్టె అద్దం ఆ కిరణాలను ఆపుతుంది కనుక అద్దం అవతల ఉన్న మనకు ఏమీ కాదు, లోపల ఉన్న చేప కళ్ళకు మాత్రం తప్పించుకునే దారి లేదు. అలాంటి వాటిని పిల్లలున్న ఇంట్లోనే కాదు, ఏ ఇంట్లోనూ వాడవద్దని నా గట్టి మనవి. తొట్టెలో చేయి పెట్టే ముందు ప్లగ్గు తీసివేయాలి. ఇంటి మెయిన్‌కు లీకేజీ కరెంటును పట్టుకుని ఆపే స్విచ్ ఉండాలి, వైరు ప్లగ్గు కన్నా కిందికి వేలాడి మళ్ళీ పైకి వెళ్ళేలా అమర్చాలి, అప్పుడు వైరు వెంట జారిన నీటి చుక్క సాకెట్టులోకి చేరదు.

ఇప్పుడు మా తొట్టెలో దీపం ఫిబ్రవరి నుంచి జూన్ వరకు రోజంతా వెలుగుతుంది. వానాకాలంలో, చలికాలంలో ఆపి, క్వార్ట్జ్ గొట్టాన్ని తుడిచి, పొడిగా అల్మరాలో పెడతాను. మొదలుపెట్టిన తేదీని, ఆపిన తేదీని పెట్టె మీద అంటించిన తెల్ల కాగితం మీద పెన్సిలుతో రాస్తాను. ఈ దీపం ఈ జూన్‌కు 7200 గంటలు పూర్తి చేసింది. వచ్చే ఫిబ్రవరిలో వెలిగించడానికి కొత్తది ముందే తెచ్చి పెట్టాను. ఈ పాతదానిలో పాదరసం ఉంది కనుక చెత్తబుట్టలో వేయకుండా, అట్టపెట్టెలో చుట్టి, ఈ-వేస్ట్ తీసుకునేవారు వచ్చినప్పుడు ఇవ్వడానికి పక్కన ఉంచాను.